మాంసము లేని ఖీమాతో మెక్సికో వంటలు

మెక్సికో దేశము మనకు భూగోళమునకు ఆవలి వైపున ఉన్నది. అయినను ఆ దేశపు వంటింటిలో అడుగిడిన తెలుగు గృహిణికి పరాయిచోటికి వచ్చినట్లు తోచదు. పొయ్యిమీద పెనము, పెనముమీద రొట్టె, రొట్టె ప్రక్కన ఎండుమిరపకాయలు నూరిన పచ్చడి, దానిపై చల్లిన కొత్తిమీర. మిరపకాయ అసలు వారి సొత్తు; పోర్చుగీసువారి ఓడలలో పదునారవ శతాబ్దమున మన తీరమును చేరినది. టమాటో కూడ ఆ ఖండమునుండి వచ్చినదే. దాని పేరు మెక్సికోలోని ప్రాచీన భాషయగు నాహువాట్ల్ నుండి పుట్టినది. ప్రతిగా జీలకర్ర, కొత్తిమీర, ఉల్లి, వెల్లుల్లి స్పెయిను దేశస్థుల వెంట అక్కడికి పోయినవి. ఇచ్చిపుచ్చుకొన్న లెక్క చూచినచో మనమే వారికి కొంత బాకీ పడుదుము. మిరపకాయ లేని గుంటూరును ఊహించుట కష్టము గదా.

ఇంత చుట్టరికమున్నను, ఆ వంటలను మన ఇండ్లలో వండుకొనబోయినప్పుడు ఒక అడ్డు వచ్చును. అమెరికా సంయుక్త రాష్ట్రములలో మెక్సికో వంట అను పేర ఇంటింట వండుకొను టాకో, ఎంచిలాడ, చిలీ మున్నగువానిలో పెక్కింటికి ముఖ్యపదార్థము గోమాంసపు ఖీమా. మేము కొన్ని సంవత్సరములు టెక్సాసు రాష్ట్రమున కాపురముంటిమి. పిల్లలు పాఠశాలలో తోటివారు తినుచున్న టాకోలను చూచి వచ్చి ఇంట అవే కావలెనని పట్టుపట్టిరి. ఆ రోజులలో మా అత్తగారు ఆరు మాసములు మాతో గడుపుటకై ఆంధ్రదేశమునుండి వచ్చియుండిరి. ఆమె జన్మలో మాంసము ముట్టినవారు కారు. ఇంటిలో రెండు వంటలు వండి రెండు పంక్తులు తీర్చుట మాకు ఇష్టము లేకపోయెను. నాయనమ్మతో కలిసి భోజనము చేయు అవకాశము ఆ పిల్లలకు ఏటేటా దొరకునది కాదు. అందుచేత అందరును ఒకే గిన్నెలోనుండి వడ్డించుకొనదగిన ఖీమా ఏదియని వెదకసాగితిమి. ఆ వెదకులాటలో తెలిసికొన్నవే ఇక్కడ చెప్పుచున్నాము.

మొదట ఒక అపోహను తొలగించుకొనవలెను. గోమాంసము మెక్సికో భోజనమునకు ప్రాణమువంటిదని చాలమంది అనుకొందురు. ఆవులు, గొఱ్ఱెలు, పందులు స్పెయిను దేశస్థులు వచ్చిన తరువాతనే, అనగా 1521లో అస్తెకుల రాజధాని పతనమైన నాటి ప్రాంతమునుండియే, ఆ దేశమున మేయనారంభించినవి. అంతకు పూర్వము అక్కడి జనుల నిత్యభోజనము మొక్కజొన్న, చిక్కుడు గింజలు, గుమ్మడి, మిరప. సీమకోడి, వేటమాంసము, చేపలు ఉన్నను సామాన్యుని కంచములో మొక్కజొన్న రొట్టె, చిక్కుడు గింజలదే పెద్దపీట. ఈ రెండింటి జోడు మన అన్నము పప్పుల జోడువంటిదే. ధాన్యములో కొరతపడు మాంసకృత్తుల భాగమును పప్పు పూరించును.

ఆ పిమ్మటను మెక్సికోవారు టాకోలో పెట్టుకొను మాంసము తఱచుగా కోసిన ముక్కలే కాని నుగ్గు కాదు. నుగ్గుమాంసముతో చేయు వారి ఇంటివంటకు పికాదియో అని పేరు. బంగాళాదుంప, టమాటో, ఒక్కొక్కచోట ఎండుద్రాక్ష వేసి మన ఖీమా కూరవలెనే దగ్గరగా వండుదురు. ఇక పెళుసుగా వేచిన రొట్టెను దొన్నెవలె మడిచి అందులో ఖీమా, తరిగిన సలాడు ఆకు, జున్ను నింపుట అమెరికాలో విస్తరించిన పద్ధతి. 1962లో కాలిఫోర్నియాలోని డౌనీ పట్టణమున గ్లెన్ బెల్ అను నాతడు ప్రారంభించిన టాకో బెల్ దుకాణములు ఆ రకమును దేశమంతట వ్యాపింపజేసినవి. చిలీ కాన్ కార్నే, అనగా మిరపతో కూడిన మాంసము, టెక్సాసువారి అభిమాన వంటకము. పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగమున శాన్ ఆంటోనియో నగరపు చౌకులలో స్త్రీలు రాత్రివేళ దీపములు పెట్టుకొని దానిని అమ్మెడివారు. 1977లో టెక్సాసు శాసనసభ దానిని రాష్ట్ర వంటకముగా ప్రకటించినది కూడ. ఖీమా ఆ వంటలలో స్థిరపడినది, అంతే. వాని పుట్టుకతో వచ్చినది కాదు. ఈ సంగతి తెలిసినప్పుడు దానిని మార్చుటకు వంటవారికి కొంత ధైర్యము చిక్కును.

అయితే మార్చవలసినది ఏమి? వంటకములో ఖీమా చేయు పని ఏమో ముందు తెలియవలెను. రుచి సంగతి చూచినచో సంబారము వేసిన తరువాత మాంసపు సొంతరుచి మనము భావించినంత మిగులదు. మిగులునవి వేరు. పంటికింద తగులు పలుకు ఒకటి. అమెరికాలో సాధారణముగా అమ్ము ఖీమాలో నూటికి ఇరువది పాళ్ల వరకు క్రొవ్వు ఉండును. అది కరగి మిరప రంగును, జీలకర్ర వాసనను తనలో పట్టుకొని నాలుకపై పరచును. మూకుడులో నీరింకి మాంసము అడుగంటుచు గోధుమరంగుకు తిరుగునప్పుడు వచ్చు కమ్మదనము వేరొకటి. మాంసకృత్తులలోని భాగములు, చక్కెరలు వేడికి కలిసి పుట్టించు ఈ మార్పును 1912లో మాయార్ అను ఫ్రెంచి రసాయనశాస్త్రవేత్త వర్ణించెను. నేటికిని అది ఆయన పేరనే చెలామణి అగుచున్నది. మన వేయించిన కందిపప్పు, కాల్చిన రొట్టె వాసన కూడ ఈ కోవలోనివే. ఖీమాకు బదులుగా వచ్చు పదార్థము ఏదైనను పలుకు, క్రొవ్వు, వేపుడు కమ్మదనము అను మూడింటిని తెచ్చుకొనవలెను, లేదా మనము ఇచ్చుకొనవలెను. దీనిని గ్రహింపక ఖీమా తీసి ఆ స్థానమున వేరొకటి పోసి ఊరకుండుటవలననే మా తొలి ప్రయత్నములు పాడైనవి.

మొదట కొన్నది సోయా రవ్వ. తెలుగునాట మీల్‌మేకర్ అను వ్యాపారనామముతో ప్రసిద్ధికెక్కిన ఉండలకు ఇది తమ్ముడు. ఉండలకు బదులు నూకలవలె ఉండును. సోయా చిక్కుడు గింజలనుండి నూనె తీసిన పిమ్మట మిగిలిన పిండిని తడిపి, మరయంత్రములో అధికమైన వేడితో, ఒత్తిడితో నొక్కుదురు. జంతికల గొట్టమునుండి పిండి వచ్చినట్లు అది సన్నని రంధ్రములగుండ వెలికి వచ్చును. వెలికి వచ్చుటతోడనే ఒత్తిడి తగ్గి, లోని నీరు ఆవిరియై పొంగి, పిండిని బొరుగువలె గుల్లచేయును. ఆ గుల్లదనమే నీటిని పీల్చి మాంసపు నారను తలపించును. అమెరికాలో ఆర్చర్ డేనియల్స్ మిడ్‌లండ్ అను సంస్థ 1960 దశకమున దీనిని పెద్ద ఎత్తున విక్రయమునకు తెచ్చెను. 1971లో ఆ దేశపు ప్రభుత్వము పాఠశాల భోజనములలో ఖీమాయందు నూటికి ముప్పది పాళ్ల వరకు తడిపిన సోయా కలుపుటకు అనుమతించినది. మెక్సికోలో దీనిని సోయా మాంసము అను అర్థమువచ్చు పేర అంగళ్లలో తూకమునకు అమ్ముదురు. పికాదియో చేయుదురు, నిమ్మరసములో నానబెట్టి చేపకు బదులుగా సెవీచే కూడ చేయుదురు. కావున ఇది మనము బలవంతముగా ఆ వంటలో దూర్చు వస్తువు కాదు. అక్కడి గృహిణులే ఆదరించినది.

పెట్టెపై వ్రాసినట్లు గిన్నెడు రవ్వకు గిన్నెడు కంటె ఒకింత తక్కువ వేడినీరు పోసి, అయిదు నిమిషములు మూతపెట్టి, నేరుగా టమాటో రసములో వేసితిమి. ఫలితము ఉప్మాకు ముద్దపప్పునకు నడుమనున్న ఒక పదార్థము. పైగా పచ్చి చిక్కుడు వాసన. పిల్లలు మర్యాదకు రెండు ముద్దలు తిని మంచినీరు త్రాగిరి. అత్తగారు గిన్నెలోనికి తొంగిచూచి, “ఇది మన మీల్‌మేకరే గదమ్మాయీ. పిండకుండా వేశావేమి?” అనిరి. మరునాడు తామే పూనుకొనిరి. విశేషముగా నీరు మరగించి, ఉప్పు వేసి, రవ్వను మూడు నిమిషములు ఉడికించి, పలుచని బట్టలో వార్చి, చన్నీళ్లు పోసి, గట్టిగా పిండి, మరల ఒకసారి కడిగి పిండిరి. సోయాలోని క్రొవ్వుపై కొన్ని ఎంజైములు పనిచేయుటవలన పుట్టు ఆ పచ్చివాసన నీటితో చాలవరకు పోయినది. పీల్చుకొన్న నీరు పోవుటచేత, తరువాత వేయు రసమును పీల్చుటకు రవ్వలో చోటును ఏర్పడినది. మేము చేర్చిన సవరణ ఒక్కటే. పిండిన రవ్వను ఇనుప మూకుడులో నూనెతో ఎనిమిది, పది నిమిషములు కదపక కదపక కదుపుచు, అంచులు గోధుమరంగు వచ్చునంతవరకు వేపితిమి. సోయా రవ్వలో క్రొవ్వు నూటికి ఒక పాలు మాత్రమే ఉండును. కావున రెండు గిన్నెల తడి రవ్వకు మూడు పెద్ద చెంచాల నూనె అధికమని శంకింపనక్కరలేదు. మాంసము తన క్రొవ్వును తానే తెచ్చుకొనును, దీనికి మనము పెట్టవలెను.

సంబారములో కూడ ఒక గోతిలో పడితిమి. అమెరికా వంటపుస్తకములలో చిలీ పౌడరు రెండు పెద్ద చెంచాలు వేయుమని ఉండును. అది మన కారము కాదు. ఆంకో అను తక్కువ కారముగల ఎండుమిరప పొడికి జీలకర్ర, ఒరెగానో ఆకు, వెల్లుల్లి చేర్చిన మిశ్రమమునకు ఆ పేరు. 1890 దశకమున టెక్సాసులో గెబ్‌హార్ట్ అను జర్మను వలసదారుడు దానిని సీసాలలో అమ్మకమునకు పెట్టినవారిలో ప్రథములలోనివాడు. గుంటూరు సన్నపు మిరప ఆంకోకంటె కారమున ఇరువది రెట్లకు మించును. మేము ఇంటినుండి తెచ్చుకొన్న కారమును పుస్తకపు కొలతకు వేసిన నాటి రాత్రి పెరుగు నిండుకొన్నది. మన దేశములో ప్రయత్నించువారు రంగునకు బ్యాడిగి మిరప పొడి, కారమునకు చిటికెడు గుంటూరు కారము కలుపుకొని, జీలకర్ర పొడి సమముగా వేసికొన్నచో దాదాపు ఆ రుచియే వచ్చును. ఒరెగానో దొరకనిచోట కొంచెము వామాకు వేసి చూచితిమి. సరిగా అదే కాదు గాని తప్పు కాదు. ఏది వేసినను ముందు నూనెలో వేయవలెను. మిరప రంగు, కారము నూనెలోనే కరగును. తిరగమోత పెట్టు మన స్త్రీలకు ఈ పాఠము చెప్పనక్కరలేదు.

సోయా అందరికిని సరిపడదు. కొందరికి అది దద్దుర్లు తెప్పించును. అట్టివారికొరకు పొట్టు తీయని మసూరు గింజలు చూచితిమి. అవి మెత్తబడక ముందే, గింజ గింజగా ఉన్నప్పుడే వార్చి మూకుడులో వేపినచో చిలీలో చక్కగా ఇమిడినవి. టాకోలో మాత్రము ఒప్పలేదు; రొట్టె మడచునంతలోనే అణగి పప్పైపోయెను. అక్రోటు పప్పును, పుట్టగొడుగులను సమముగా తీసికొని రోటిలో కచ్చాపచ్చాగా దంచి వేపినది మా ప్రయోగములన్నింటిలోను రుచికి మొదటిది. పుట్టగొడుగులలో గ్లుటమేటు సహజముగా సమృద్ధిగా ఉండును. 1908లో ఇకేడ అను జపాను శాస్త్రవేత్త సముద్రపు నాచు కషాయమునుండి విడదీసి, అయిదవ రుచియని చాటినది దానినే. అక్రోటు క్రొవ్వును ఇచ్చును. అయినను ఇది వారమువారము చేయదగిన వంట కాదు. అక్రోటు వెల దానిని పండుగనాటి వస్తువుగా చేయుచున్నది. అత్తగారు పుట్టగొడుగులు తినరు కూడ. పనసకాయను గురించి అమెరికా పత్రికలు గొప్పగా వ్రాయుచున్నవి. గోదావరి మండలములలో పనసపొట్టు ఎఱిగినవారికి ఆ ఉత్సాహము చిరునవ్వు తెప్పించును. పనస పీచులుగా విడివడునది గాని నూకగా ఉండునది కాదు. ఖీమాకు బదులుగా దానిని వేయుట పొరపాటు, చీల్చిన మాంసపు టాకోలకు మాత్రము అది తగును. పైగా అందు మాంసకృత్తులు మిక్కిలి స్వల్పము.

ఇక క్రొత్తగా వచ్చిన కర్మాగారపు మాంసములు. 2009లో ప్రారంభమైన బియాండ్ మీట్ సంస్థ బఠాణీ మాంసకృత్తులతోను, 2011లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు జీవరసాయనశాస్త్రవేత్త పాట్రిక్ బ్రౌన్ స్థాపించిన ఇంపాజిబుల్ ఫుడ్స్ మొదట గోధుమ మాంసకృత్తులతోను పచ్చిమాంసమును పోలు ముద్దలను తయారుచేసి 2016లో ప్రజలముందుకు తెచ్చినవి. రెండవదానిలో ఒక వింత కలదు. చిక్కుడుజాతి మొక్కల వేరుబుడిపెలలో మన రక్తములోని హిమోగ్లోబినునకు చుట్టమైన ఒక ఎఱ్ఱని పదార్థముండును. సోయామొక్కనుండి దాని జన్యువును తీసి ఈస్టు కణములలో పెట్టి, సారాయి పులియబెట్టినట్లు తొట్లలో ఆ పదార్థమును పండించుచున్నారు. మాంసమునకు ప్రత్యేకమైన వాసనను ఇచ్చునది దీనిలోని ఇనుపభాగమే. టాకోకొరకు ఇది మూకుడులో వేగుచుండగా ఇంటికి వచ్చిన మెక్సికో పొరుగువారు మాంసమనియే భ్రమించిరి. ఖీమాను ఖీమాతోనే పోల్చి తీర్పు చెప్పవలెనన్నచో దీనికి సాటి లేదు.

కాని మా అత్తగారు ఆ గిన్నెను తాకలేదు. ఇందులో జంతుసంబంధమైనది ఏదియు లేదని మేము విప్పి చెప్పితిమి. ఆమె శ్రద్ధగా వినిరి. “నువ్వు చెప్పేది నిజమే అయ్యుంటుంది. ఎఱ్ఱగా కారుతూంటే చూసి నేను మింగలేను. మీరు తినండి,” అనిరి. శాకాహారమనునది పదార్థముల పట్టికతో తేలు సంగతి కాదని మాకు ఆనాడు బోధపడెను. మాంసమును విడుచుటకు కష్టపడువారికి మాంసపు పోలిక ఊరట. ఎన్నడును ముట్టనివారికి ఆ పోలికయే వెగటు. వంట ఎవరికొరకు చేయుచున్నామో ఎఱిగి ఎన్నుకొనవలెను గాని, ఎక్కువ పోలినదే ఎక్కువ మేలు అనుకొనరాదు. ఆమెకు సోయా రవ్వ అభ్యంతరము కాలేదు, అది ఆమె చేతి మీల్‌మేకర్ గనుక.

ఇప్పుడు చెప్పబోవునది చెప్పుకొనుటకు సిగ్గైన విషయము. ఖీమా విషయమున ఇంత జాగ్రత్తపడిన మేము ప్రక్క పదార్థములను చూడలేదు. టాకోతో వడ్డించు చిక్కుడు గింజల ముద్దను డబ్బాలలో కొనెడివారము. చిక్కుడు గింజలలో మాంసమేమి ఉండునని ధైర్యము. రెండవ వారమున పిల్లవాడు చదువు వచ్చిన ఉత్సాహముతో డబ్బాపై పదార్థములను బిగ్గరగా చదువుచు ఒక మాటవద్ద ఆగి అర్థమడిగెను. ఆ మాటకు అర్థము పందిక్రొవ్వు. అత్తగారు దానిని అప్పటికి రెండుమారులు తినియుండిరి. బాగున్నదని మెచ్చుకొనియు ఉండిరి.

చెప్పవలెనా, దాచవలెనా అని ఆ రాత్రి చాలసేపు తర్కించుకొంటిమి. తెలియక తిన్నది దోషము కాదు, చెప్పి బాధపెట్టుట ఎందులకు అను వాదము వినుటకు ఇంపుగానే ఉండెను. కాని మేము వడ్డించినది ఆమె కన్నులు మూసికొని తినుచున్నారు. ఆ నమ్మకము మా చేతిలో ఉన్నప్పుడు దానితో బేరమాడరాదనిపించెను. ఉదయము చెప్పితిమి. ఆమె ఏమియు అనలేదు. స్నానము చేసి వచ్చి, ఆ దినమంతయు ఉపవాసముండిరి. మరునాడు వంటింటిలోనికి వచ్చి, “ఆ గింజలు పచ్చివి దొరకవా? ఇంట్లోనే ఉడకేసుకుందాం,” అనిరి. అంతటితో ఆ ప్రసంగము ముగిసినది. ఆమె దానిని మరల ఎత్తలేదు.

పందిక్రొవ్వు ఆ వంటకు కల్తీ కాదు. మెక్సికో సంప్రదాయములో అది మన నేయివంటిది. చిక్కుడు గింజల ముద్దకు ఫ్రిహోలెస్ రిఫ్రితోస్ అని పేరు. మరల వేపినవి అని ఆంగ్లమున తర్జుమా చేయుదురు గాని స్పానిషు వాడుకలో దాని అర్థము బాగుగా వేపినవి అని. ఆ వేపుట క్రొవ్వులోనే. గోధుమపిండి టోర్టియాలలో కూడ, ముఖ్యముగా ఉత్తర మెక్సికో పద్ధతివానిలో, అదియే కలుపుదురు. టమాటో అన్నమును కోడిమాంసపు రసములో ఉడికింతురు. కొన్ని జున్నులను దూడ కడుపులోని రెన్నెటుతో తోడుపెట్టుదురు. కావున మాంసము లేని మెక్సికో వంట తినగోరువారు ఖీమాకంటె ముందు ఈ నాలుగింటిని విచారించుట మంచిది. భోజనశాలలో మాంసమున్నదా అని అడిగినచో లేదనియే బదులు వచ్చును. క్రొవ్వు, రసము అను మాటలను వాచ్యముగా అడుగవలెను.

ఇంటిలో చేయుట కష్టము కాదు. పింటో గింజలను రాత్రి నానవేసి, ఆ నీరు పారబోసి, ఉల్లిపాయతో మెత్తగా ఉడికించవలెను. టమాటో, నిమ్మరసము మొదటనే వేయరాదు. పులుపు తగిలినచో గింజ త్వరగా మెత్తబడదు. తరువాత నూనెలో జీలకర్ర, వెల్లుల్లి వేగనిచ్చి, గింజలను పప్పుగుత్తితో మెదుపుచు కొంతసేపు వేపవలెను. పింటో బదులు ఎఱ్ఱ రాజ్మా వాడువారు ఒక జాగ్రత్త పాటింపవలెను. పచ్చి రాజ్మాలో ఒక విషపదార్థముండును. వాంతులు, విరేచనములు కలిగించును. అయిదు గంటలకు తక్కువ కాకుండ నానబెట్టి, నీరు మార్చి, తెర్లునట్లు కనీసము పది నిమిషములు, క్షేమము కోరినచో అరగంట కాచవలెను. సన్నని సెగపై గంటలతరబడి మగ్గించు విద్యుత్ పాత్రలలో నేరుగా వేయుట ప్రమాదకరము, అందు నీరు మరుగుస్థితికి రాకపోవచ్చును. మన ప్రెషర్ కుక్కరుతో ఈ భయము లేదు.

పొరుగింటి ఆమె మా ఇక్కట్లు విని నవ్వి, తమ ఇండ్లలో ఈస్టరుకు ముందు వచ్చు ఉపవాస దినములలో శుక్రవారమునాడు మాంసము వండరని చెప్పిరి. ఆ దినములలో తమ తల్లిగారు చేయు నోపాల్ కూరను మాకు పంపిరి. నోపాల్ అనగా నాగజెముడు. ముండ్లు తీసి, ముక్కలుగా కోసి, ఉల్లితో వేపినది. బెండకాయ జిగురు, చింతచిగురు పులుపు కలిసినట్లుండెను. మన పొలముగట్లపై కంచెగా నిలిచిన ఈ మొక్క కూడ ఆ ఖండమునుండి వచ్చినదే. మెక్సికో పతాకముపై గ్రద్ద వ్రాలియున్నది దాని మీదనే. అత్తగారు దానిని తిని, “ఇన్నాళ్లూ దీన్ని మేకలకి కూడా పెట్టలేదు,” అని ఆశ్చర్యపడిరి.

పొరుగింటి ఆమె చేయించి చూపిన పికాదియోలోనే సోయా రవ్వ తన సత్తా చూపినది. వేపిన రవ్వను ప్రక్కన పెట్టి, అదే మూకుడులో ఉల్లి, వెల్లుల్లి వేపి, చిన్నముక్కలుగా కోసిన బంగాళాదుంప వేసి సగము మగ్గనిచ్చి, మిరప జీలకర్ర పొడులు నూనెలో కదిపి, కాల్చి మెదిపిన టమాటో పోయవలెను. పచ్చివాసన పోయిన పిమ్మట రవ్వ వేసి, గిన్నెడు నీరు పోసి, మూతపెట్టి పావుగంట ఉడికించి, చివర ఎండుద్రాక్ష వేసి దగ్గరపడనీయవలెను. చిటికెడు దాల్చినచెక్క పొడి ఆమె పద్ధతి. బంగాళాదుంప, పులుపు, తీపి నడుమ రవ్వకు మాంసమును అభినయింపవలసిన భారము తగ్గినది. అది తన పలుకును ఇచ్చి ఊరకున్నది. కారము, పులుపు దట్టించిన వంటలలో సోయా నెగ్గును. మాంసపు వేపుడు రుచియే ముఖ్యమైన వంటలలో ఓడిపోవును. మా తీర్పు అది.

ఆరోగ్యమును గురించి ఒకటి రెండు మాటలు. ఎండు సోయా రవ్వలో మాంసకృత్తులు నూటికి ఏబది పాళ్లు. తడిసి మూడింతలైన పిమ్మట నూటికి పదునారు, పదునేడు. వండిన మసూరులో తొమ్మిది. వండిన ఖీమాలో ఇరువదియైదు దరిదాపు. కావున పిల్లలకు కొఱత పడునని బెంగపడనక్కరలేదు. బి-12 విటమిను మాత్రము మాంసములో ఉన్నట్లు వీనిలో ఉండదు. ఆ లోటును పాలు, పెరుగు కొంత తీర్చును. కర్మాగారపు మాంసములలో కొన్నింటికి దానిని చేర్చుచున్నారు. అయితే వానిలో ఉప్పు పచ్చి ఖీమాకంటె చాల హెచ్చు. కొన్నింటిలో కొబ్బరినూనె కూడ కలదు. రక్తపోటు ఉన్నవారు డబ్బాపై వ్రాసినది చూచి, తాము వేయు ఉప్పును తగ్గించుకొనవలెను.

టోర్టియాకొరకు మన మొక్కజొన్నపిండిని తడిపి ఒత్తబోయినచో అది విరిగిపోవును. మెక్సికోవారు మొక్కజొన్న గింజలను సున్నపునీటిలో ఉడికించి, రాత్రంతయు నాననిచ్చి, కడిగి, రుబ్బుదురు. సున్నము పొట్టును సడలించును, పిండికి జిగిని ఇచ్చును, గింజలో బంధింపబడియున్న నియాసిను అను విటమినును శరీరమునకు అందజేయును. ఈ పద్ధతిని వదలి మొక్కజొన్నను మాత్రము తీసికొనిపోయి, దానినే ముఖ్యాహారముగా తిన్న ఐరోపా ప్రాంతములలో పెలాగ్రా వ్యాధి ప్రబలినది. ఆ పిండి దొరకనివారు గోధుమపిండితో పలుచని పుల్కాలు చేసికొనవచ్చును. మేము పెక్కుమారులు అట్లే చేసితిమి.

పికాదియో మిగిలినచో మరునాటికి రుచి హెచ్చును. అత్తగారు తిరుగు ప్రయాణమునకు ముందు ఆదివారమునాడు ఆ మిగిలినదానిని పెసరట్టులో పెట్టి మడిచి మనుమలకు వడ్డించిరి. ఒకరు దానిని టాకో అనిరి, మరియొకరు అట్టు అనిరి. ఆమె మూడవదానిని తమ కంచములో వేసికొని వారి ప్రక్కనే కూర్చుండిరి.